గాయంతో ఇంటికి వచ్చే డబ్బా

రొమ్ము తీసేసి, చంకలో లింఫు గ్రంథులు తీసేసి, చర్మం కుట్టేశాక పైకి పని అయిపోయినట్టే కనిపిస్తుంది. లోపల అసలు పని అప్పుడే మొదలవుతుంది. చర్మానికీ ఛాతీ కండరానికీ మధ్య ఖాళీ మిగులుతుంది. తెగిన సన్నని రక్తనాళాలు, లింఫు నాళాలు ఆ ఖాళీలోకి నీరు ఊరుస్తాయి. నీరు నిలిస్తే చర్మం కండరానికి అంటుకోదు. అంటుకోనంత కాలం నీరు ఊరుతూనే ఉంటుంది. ఆ నీటిని బయటికి లాగేయడానికి ఒక గొట్టం, దాని కొసన ఒక ప్లాస్టిక్ డబ్బా పెడతారు. వైద్యులు దాన్ని సక్షన్ డ్రెయిన్ అంటారు, ఇంట్లోవాళ్లు పైపు అంటారు.

మన ఉత్తర తెలంగాణలో ఈ డబ్బాకు పని చాలా ఎక్కువ. కరీంనగర్ నుంచి హైదరాబాదు దాదాపు 160 కిలోమీటర్లు, ఆదిలాబాద్ నుంచి 300. అక్కడి రెడ్‌హిల్స్‌లో 1955లో మొదలైన ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికీ, 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ కింద ఇతర ఆసుపత్రులకూ వెళ్లి ఆపరేషన్ చేయించుకున్న ఆడవాళ్లు గాయం పూర్తిగా మానేదాకా అక్కడే ఉండలేరు. మంచాలు ఖాళీ కావాలి, ఇంట్లో పిల్లలున్నారు, చేనులో పని ఉంది. కాబట్టి డ్రెయిన్ కొంగు చాటున పెట్టుకొని బస్సెక్కుతారు. ఆసుపత్రిలో నర్సు చూసుకునే పరికరం ఆ క్షణం నుంచి కోడలి చేతికో, భర్త చేతికో వస్తుంది. అది పుట్టినప్పుడు ఎవరూ అలా అనుకొని ఉండరు.

అమెరికాలో విలియం హాల్‌స్టెడ్ 1882లో రాడికల్ మాస్టెక్టమీ మొదలుపెట్టి, 1894లో 50 కేసుల ఫలితాలు ప్రకటించాడు. రొమ్ముతో పాటు ఛాతీ పెద్ద కండరాన్నీ తీసేసేవాడు. రోగి బతికితే చాలనుకున్న రోజులవి. అంత పెద్ద గాయం కింద ఎంత నీరు చేరుతుందో ఊహించవచ్చు. అప్పటి డ్రెయిన్లు తెరిచి ఉన్న రబ్బరు గొట్టాలు. లోపలి నీరు తనంతట తాను కారి గాజుగుడ్డలోకి ఇంకాలి. నీరు బయటికి వచ్చే దారిలోనే బయటి క్రిములు లోపలికి పోయేవి. గాయం మీద గట్టిగా కట్టు కట్టి చర్మాన్ని అదిమి పెట్టేవారు. ఊపిరి తీస్తే నొప్పి, తీయకపోతే ఆయాసం.

మలుపు ఆలోచనలో వచ్చింది. పైనుంచి కట్టుతో అదమడం ఎందుకు, లోపలి గాలిని లాగేస్తే బయటి వాతావరణ పీడనమే చర్మాన్ని కండరానికి అదిమి పెడుతుంది కదా? 1947లో మర్ఫీ అనే సర్జన్ రొమ్ము ఆపరేషన్ తర్వాత చంకలోని ఖాళీని వాతావరణ పీడనంతోనే మూసేయవచ్చని ఒక వైద్య పత్రికలో రాశాడు. 1954లో ఫ్రాన్సులో హెన్రీ రెడాన్, తన సహచరులతో కలిసి, పెద్ద గాయాలను శూన్య పీడనంతో మూసే పద్ధతిని వివరించాడు. పక్కల చిల్లులున్న సన్నని గొట్టాన్ని గాయం నుంచి కాస్త దూరంలో చర్మంలోంచి బయటికి తీసి, ముందే గాలి తీసేసిన సీసాకు తగిలించేవాడు. సీసా మూసి ఉంటుంది కాబట్టి నీరు వెళ్తుంది, క్రిమికి దారి ఉండదు. తడి గోడకు కాగితం అంటుకున్నట్టు చర్మం కండరానికి అంటుకుంటుంది. ఆ రెంటి మధ్య కొత్త కణజాలం అల్లుకుంటుంది.

తర్వాతి మెట్టు మెదడు సర్జరీ నుంచి వచ్చింది. 1971లో జాక్సన్, ప్రాట్ అనే ఇద్దరు అమెరికన్ న్యూరోసర్జన్లు మెదడు చుట్టూ చేరే రక్తాన్ని తీయడానికి సిలికాన్ రబ్బరు గొట్టం వాడారు. సిలికాన్ కణజాలానికి అతుక్కోదు, తీసేటప్పుడు చీల్చుకురాదు. అరచేతిలో నొక్కి మూత పెడితే, తిరిగి ఉబ్బడానికి ప్రయత్నిస్తూ నీటిని లాక్కునే బల్బుకు ఆ ఇద్దరి పేర్లే మిగిలాయి. మన ఆసుపత్రుల్లో ఎక్కువగా కనిపించేది మడతలు మడతలుగా ముడుచుకునే డబ్బా. నొక్కి పెడితే ముడుచుకుంటుంది, తెరుచుకుంటూ లాగుతుంది. కరెంటు అక్కర్లేదు, మోటారు లేదు. చేయి నొక్కిన బలమే దాని ఇంధనం. ఆదిలాబాద్ ఏజెన్సీ పల్లెలో కరెంటు పోయిన రాత్రి కూడా అది పనిచేస్తుంది.

ఇంత మంచి పరికరానికి ఒక్కటే లోపం. డబ్బా నిండినా, పూర్తిగా ఉబ్బినా లాగడం ఆగిపోతుంది. ఆగిందని అది చెప్పదు. పైకి మామూలుగానే వేలాడుతుంది. ఇంట్లో ఎవరో ఒకరు రోజూ ఒకే వేళకు మూత తీసి, నీటిని కొలిచి పారబోసి, డబ్బాను మళ్లీ పూర్తిగా నొక్కి, నొక్కిన చేయి వదలకుండానే మూత బిగించాలి. ముందూ తర్వాతా సబ్బుతో చేతులు కడుక్కోవాలి. గొట్టంలో గడ్డ అడ్డుపడితే వేళ్లతో నెమ్మదిగా కిందికి నిమరాలి. ఈ పని ఆసుపత్రి మంచం దగ్గర ఒక్కసారి తన చేతులతో చేసి చూపించిన మనిషి ఇంటి దగ్గర తడబడదు. నోటితో చెప్పి పంపితే తడబడుతుంది. డిశ్చార్జి కాగితం మీద తెలుగులో తేదీ, ఎన్ని మిల్లీలీటర్లు, ఏ రంగు అనే మూడు గడుల పట్టిక ఉండి తీరాలని నేను గట్టిగా నమ్ముతాను. ఎందుకంటే డ్రెయిన్ ఎప్పుడు తీయాలో ఆ అంకెలే చెబుతాయి. మొదట ఎర్రగా, తర్వాత లేత గులాబీగా, చివరికి లేత పసుపుగా మారుతూ 24 గంటల్లో వచ్చేది సుమారు 30 మిల్లీలీటర్ల లోపుకు దిగితే చాలామంది సర్జన్లు తీసేస్తారు. సాధారణంగా ఒకటి రెండు వారాలు పడుతుంది. తొందరపడి తీస్తే లోపల నీటి తిత్తి కడుతుంది. మరీ ఎక్కువ రోజులు ఉంచితే గొట్టం వెంట క్రిములు చేరే ప్రమాదం పెరుగుతుంది.

డ్రెయిన్ ఉన్నన్ని రోజులూ ఛాతీలో కలిగే బాధలో కొంత దానిదే. పక్కకు తిరిగితే కుట్టు దగ్గర చురుక్కుమంటుంది. డబ్బాను గాలిలో వేలాడనివ్వకుండా, మెడలో వేసుకున్న గుడ్డ సంచిలోనో, జాకెట్టు లోపల కుట్టించుకున్న జేబులోనో పెట్టుకుంటే సగం గుంజుడు తగ్గుతుంది. రాత్రి వెల్లకిలా పడుకొని చేయి కింద మెత్తటి దిండు పెట్టుకోవాలి. బస్సులో సీటుబెల్టుకో, ముందు సీటు కమ్మీకో ఛాతీ తగలకుండా మధ్యలో చిన్న దిండు ఉంటే కుదుపు తెలియదు.

మిగతా బాధ నరాలది. చంకలో గ్రంథులు తీసేటప్పుడు పై చేయి లోపలి వైపుకు వెళ్లే నరం ఒకటి తరచుగా తెగుతుంది, లేదా సాగుతుంది. అందుకే "చేయి నాది కానట్టున్నది", "చంకల మంట పుడుతాంది" అంటారు. లేని రొమ్ములో దురద పుట్టినట్టు అనిపించడం కూడా నిజమే. అది మతిభ్రమ కాదు, తెగిన నరాలు పంపే సంకేతం. ఈ మాట అత్తకో మరదలికో చెబితే నవ్వుతారేమోనని దాచుకునే ఆడవాళ్లు ఎందరో. డెన్మార్క్‌లో 3,253 మంది ఇచ్చిన జవాబులతో 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ఆపరేషన్ అయిన ఒకటి నుంచి మూడేళ్ల తర్వాత కూడా 47 శాతం మంది నొప్పి ఉందన్నారు. దాదాపు సగం మంది! మామూలు నొప్పి మాత్రకు లొంగని నరాల నొప్పికి వేరే మందులు ఉన్నాయి. అడగాలి, డాక్టరు రాయాలి. కానీ హఠాత్తుగా ఊపిరాడకపోవడం, ఛాతీ మధ్యలో బిగపట్టుడు, కాలు వాపు ఈ కోవలోవి కావు. అవి గడ్డకట్టిన రక్తానివో, గుండెవో కావచ్చు. అప్పుడు ఆలోచించకుండా 108కి ఫోన్ చేయాలి.

రొమ్మును తిరిగి నిర్మించుకునేవారు మన జిల్లాల్లో ఇంకా తక్కువే. ఆ కథలోనూ ఈ డబ్బాదే పెద్ద పాత్ర. వీపు కండరాన్ని ముందుకు తిప్పి ఛాతీని కప్పే పద్ధతిని ఇటలీలో ఇజీనియో తాన్సినీ 1906 నాటికే వర్ణించాడు. అది చేయించుకున్నవారికి ఛాతీ కంటే వీపు గాయంలోనే ఎక్కువ రోజులు నీరు ఊరుతుంది, ఆ డ్రెయినే చివర తీస్తారు. రెండో దారి సాగే సంచిది. 1957లో చార్లెస్ న్యూమన్ చెవి దగ్గరి చర్మం కింద బుడగ పెట్టి, చర్మాన్ని నెమ్మదిగా సాగదీయవచ్చని చూపించాడు. దాన్ని రొమ్ము నిర్మాణానికి తెచ్చిన చెడొమీర్ రాడొవాన్ తన అనుభవాన్ని 1982లో ప్రచురించాడు. కండరం కింద సిలికాన్ సంచి పెట్టి, వారం రెండు వారాలకోసారి సూదితో ఉప్పునీరు ఎక్కిస్తారు. ఎక్కించిన ప్రతిసారీ రెండు మూడు రోజులు ఛాతీ మొత్తం పట్టేసినట్టు ఉంటుంది. భరించలేనప్పుడు తక్కువ నీరు ఎక్కించమని అడగవచ్చు. వారం ఆలస్యమైతే నష్టం లేదు.

బిగుతు తగ్గడానికి మందుకంటే కదలికే మేలు. మొదటి వారంలో మోచేయిని భుజం ఎత్తు దాటనివ్వకూడదు, దాటితే డ్రెయిన్‌లో నీరు పెరుగుతుంది. కానీ కదలకుండా చేయిని పొట్టకు కట్టేసుకోకూడదు. తల దువ్వుకోవడం, భుజాలు వెనక్కి తిప్పడం, గట్టిగా ఊపిరి తీయడం మొదటి రోజు నుంచే చేయవచ్చు. తర్వాత గోడకు ఎదురుగా నిలబడి వేళ్లతో పైకి పాకించాలి. బ్రిటన్‌లో 392 మంది మీద జరిపిన ప్రాస్పర్ అనే అధ్యయనం ఫలితాలు 2021లో వచ్చాయి. భుజం బిగుసుకునే ప్రమాదం ఎక్కువున్నవారికి ఆపరేషన్ అయిన వారం పది రోజులకే ఫిజియోథెరపిస్టు దగ్గర వ్యాయామం మొదలుపెడితే, ఏడాది తర్వాత చేయి మెరుగ్గా పనిచేసిందని తేలింది. కరీంనగర్, సిరిసిల్ల వైపు బీడీలు చుట్టే ఆడవాళ్లకు ఇది మరీ అవసరం. గంటలకొద్దీ ముందుకు వంగి కూర్చుంటే ఛాతీ కుట్టు ఆ వంపులోనే బిగుసుకుపోతుంది. ఆదిలాబాద్ వైపు పత్తి ఏరే చేతికి ఇంకో జాగ్రత్త కావాలి. గ్రంథులు తీసేసిన చేతికి పత్తికాయ గీరితే చీము పట్టవచ్చు, చేయి వాయవచ్చు. చేతి తొడుగు వేసుకోవాలి. గీరుకుంటే వెంటనే సబ్బుతో కడగాలి. ఎర్రబడినా, జ్వరం వచ్చినా అదే రోజు డాక్టరుకు చూపించాలి.

ఇప్పుడు కొందరు సర్జన్లు చర్మాన్ని కండరానికి లోపలినుంచే అక్కడక్కడా కుట్టేసి ఖాళీనే మిగల్చడం లేదు. నీరు తగ్గుతోంది, కొన్నిచోట్ల డ్రెయినే పెట్టడం లేదు. అది మన జిల్లాలకూ వస్తుంది. అప్పటిదాకా పైపు తీసే రోజు మాత్రం తప్పదు. ముందు పీడనం వదిలేసి, కుట్టు కోసి, గట్టిగా ఊపిరి విడవమని చెప్పి లాగేస్తారు. ఒక్క క్షణం లోపల ఏదో జారినట్టు అనిపిస్తుంది. తర్వాత కొద్ది రోజులు గాయం కింద నీళ్లు కదిలినట్టు ఉబ్బితే భయపడక్కర్లేదు. తగ్గకపోతే సూదితో తీయించుకోవాలి. అందుకు ప్రతిసారీ హైదరాబాదు పోవాల్సిన పని లేదు. ఆదిలాబాద్ రిమ్స్‌లోనో, కరీంనగర్‌లోని సర్జన్ దగ్గరో పది నిమిషాల్లో అయిపోతుంది. వెళ్లేటప్పుడు మిల్లీలీటర్లు రాసిన ఆ కాగితం కూడా తీసుకెళ్లాలి.