ఒంటరి పరుగు – ఉమ్మడి వ్యాయామము

గ్రామాభ్యుదయమనగా రోడ్లు, బావులు, బడులు మాత్రమే కాదు. ఆ రోడ్లపై నడచువారి, ఆ పొలములలో పాటుపడువారి దేహదార్ఢ్యము కూడ అందులో భాగమే. పూర్వము ఈ విషయమై పంచాయతీలు ఆలోచింపవలసిన అవసరము అంతగా లేకుండెను. నాగలి, మోట, రోకలి, కావడి మనుష్యునకు కావలసిన వ్యాయామమును ప్రతిదినము తామే కల్పించుచుండెడివి. నేడు దుక్కి ట్రాక్టరు దున్నుచున్నది. వరిని యంత్రము కోయుచున్నది. నీటిని విద్యుత్ మోటారు తోడుచున్నది. అంగడికి పోవుటకు మోటారు సైకిలున్నది. శ్రమ తగ్గుట మంచిదే. కాని శ్రమతోపాటు అది కాపాడుచుండిన ఆరోగ్యమును పోగొట్టుకొనుట మంచిది కాదు. భారతదేశమున పెద్దలలో ఇంచుమించు సగముమందికి చాలినంత శారీరక వ్యాయామము లేదని 2022వ సంవత్సరపు అంచనాలు తెలుపుచున్నవి. రక్తపు పోటు, మధుమేహము పట్టణవాసుల వ్యాధులన్న మాట పాతబడినది.

ఈ సంగతి గుర్తెరిగిన యువకులు పరకాల పరిసర గ్రామములలోను, ఇతర ప్రాంతములందును కోడికూసిన వేళ పరుగునకు బయలుదేరుచున్నారు. కొందరికి పోలీసు ఉద్యోగము లక్ష్యము; కొందరికి సైన్యము; మరికొందరికి కేవలము ఆరోగ్యము. వారి ఉత్సాహము మెచ్చదగినది. అయితే ఒంటరిగా, తోచినట్లు పరుగెత్తుట ఒక్కటియే చాలునా యన్నది ఆలోచింపవలసిన విషయము.

పరుగు ఇచ్చునది, ఇవ్వనిది

పరుగువలన గుండెకు, ఊపిరితిత్తులకు, కాళ్లకు బలము చేకూరును. కాని భుజములకు, వెన్నునకు, పొట్ట కండరములకు దానివలన కలుగు మేలు స్వల్పము. పెద్దలు వారమునకు 150 నుండి 300 నిమిషములు మధ్యరకపు శ్రమగాని, 75 నుండి 150 నిమిషములు తీవ్రమైన శ్రమగాని చేయవలెననియు, దానికి తోడు వారమునకు కనీసము రెండు దినములు కండరములకు బలమిచ్చు వ్యాయామము చేయవలెననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. ఉత్త పరుగుతో తృప్తిపడువాడు ఈ రెండవ భాగమును విడిచిపెట్టుచున్నాడు.

ఉద్యోగార్థులకును ఇదియే వర్తించును. 2022నాటి తెలంగాణ పోలీసు కానిస్టేబులు నియామకములలో పురుషులు 1600 మీటర్లు 7 నిమిషముల 15 సెకండ్లలో పరుగెత్తుటయే గాక, 4 మీటర్లు దూకి, ఇనుపగుండును 6 మీటర్లు విసరవలసియుండెను. కాళ్లు మాత్రమే సిద్ధపరచుకొన్నవాడు గుండు చేత బట్టినప్పుడు వెనుకబడుట సహజము.

మరియొక అపాయము కలదు. హనుమకొండనుండి పరకాల మీదుగా భూపాలపల్లి పోవు రహదారివంటి మార్గములలో తెల్లవారకముందే లారీలు తిరుగుచుండును. చీకటిలో, చెవులకు పాటలు తగిలించుకొని, వెనుకనుండి వచ్చు బండిని చూడక పరుగెత్తువాని ప్రాణమునకు పూచీ ఎవరు?

ఉమ్మడి వ్యాయామ పద్ధతి

ఒక గంటసేపు జరుగు వ్యాయామ తరగతిని ఇట్లు విభజించుకొనవచ్చును. మొదటి పది నిమిషములు మెల్లని నడక, మెడ, భుజములు, నడుము, మోకాళ్ల కదలికలు; దీనివలన శరీరము వేడెక్కి బెణుకులు తగ్గును. తరువాత ఇరువదియైదు నిమిషములు బస్కీలు, దండెములు, నడుమును వంచి లేచుట మున్నగునవి. పిమ్మట పదునైదు నిమిషములు జట్టులుగా పరుగు లేక వడినడక. చివరి పది నిమిషములు కండరములను సాగదీయుచు ఊపిరిని నెమ్మదింపజేయుట. పరికరములు అక్కరలేదు. ఒకప్పటి తాలింఖానాలలో మన పెద్దలు చేసిన కసరత్తు ఇంచుమించు ఇదియే.

రెండు మైళ్లు అవలీలగా పరుగెత్తువాడు సైతము మొదటి దినమున ఇరువది బస్కీలకే తొడలు వణకుట చూచి ఆశ్చర్యపడవచ్చును. మరునాడు మెట్లు దిగుట కష్టమగును. ఇది భయపడదగినది కాదు. అలవాటులేని కండరములు పనిచేసినందులకు గుర్తు. నాలుగైదు దినములలో అది తగ్గును. కాని కీలు వాచినను, ఒకేచోట పోటు పుట్టినను ఆగి వైద్యునికి చూపవలెను. క్రొత్తగా చేరినవారు మొదటి వారములలో పరుగును కొంత తగ్గించుకొనుట, కండరముల వ్యాయామమును దినము విడిచి దినము చేయుట యుక్తము.

కలసి చేయుటలో గల బలమును పరిశోధకులు కూడ గుర్తించినారు. 2009లో ఇంగ్లండునందలి ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున పడవపందెపు ఆటగాండ్రను పరీక్షింపగా, ఒంటరిగా తెడ్డు వేసినప్పటికంటె జట్టుతో కలసి వేసిన పిమ్మట వారికి నొప్పిని ఓర్చుకొను శక్తి అధికముగా కనబడినది. మన అనుభవమును ఇదియే. ఒంటరివాడు చలికి ముసుగుతన్ని పడుకొనును. పదిమందిలో ఒకడు రాకున్న, మిగిలినవారు పిలిచి లేపుదురు.

మన జిల్లాల ఆదర్శము

హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియములో 2021 సెప్టెంబరులో 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగినవి. వరంగల్ జిల్లా పర్వతగిరి మండలము కల్లెడ గ్రామమున పుట్టిన జీవంజి దీప్తి, 2024లో ప్యారిస్ పారాలింపిక్స్‌నందు మేధోవైకల్యము గల క్రీడాకారిణుల 400 మీటర్ల పరుగులో కాంస్య పతకము గెలిచినది. పల్లెలో పుట్టిన కాళ్లు ప్రపంచపు వేదికనెక్కుటకు పట్టుదలతోపాటు క్రమశిక్షణ గల శిక్షణయు కావలెనని దీనివలన తెలియుచున్నది.

పంచాయతీ సభ్యులకు సూచనలు

ఇందుకు పెద్ద ధనము అవసరము లేదు. 2022నుండి గ్రామములలో ఏర్పరచిన క్రీడా ప్రాంగణములున్నచోట వానిని ముండ్లపొదలకు విడువక శుభ్రపరుపవలెను. అవి లేనిచోట బడి ఆటస్థలమును ప్రధానోపాధ్యాయుని సమ్మతితో వాడుకొనవచ్చును. రెండు వీధిదీపములు, త్రాగునీరు, గుంటలు పూడ్చిన నేల ముఖ్యము. వ్యాయామోపాధ్యాయుడు గాని, పదవీ విరమణ చేసిన సైనికుడు గాని నాయకత్వము వహింప ముందుకు వచ్చునేమో విచారింపుడు. స్త్రీలు నిస్సంకోచముగా రాగల వేళయు, స్థలమును నిర్ణయింపుడు. వృద్ధులకు మెల్లని నడక, నిలకడనిచ్చు వ్యాయామము విడిగా ఉండవలెను; పడిపోకుండ కాపాడునది అదియే. నలుబది ఏండ్లు దాటినవారు, పూర్వమే వ్యాధి కలవారు ముందుగా పల్లె దవాఖానాలో రక్తపు పోటు, చక్కెర పరీక్ష చేయించుకొనుట మంచిది. వ్యాయామము నడుమ ఎవరికైనను ఛాతీలో నొప్పి, తలతిరుగుట కలిగినచో వెంటనే ఆపి 108 వాహనమును పిలువవలెను. వేసవిలో ఎండ ముదురకముందే ముగింపవలెను.

తాము చేసిన తీర్మానములు కాగితముపై నిలిచిపోవుచున్నవని సభ్యులు కొన్ని సమయములందు చింతించుట కలదు. ఈ తీర్మానము ఫలితము మాత్రము ప్రతి ఉదయము కన్నులయెదుట కనబడును. రాబోవు సమావేశమున ఈ విషయమును చర్చకు పెట్టి, రహదారిపై చీకటిలో పరుగెత్తుచున్న మీ గ్రామపు బిడ్డలకు దీపము గల ఒక మైదానమును చూపవలసినదిగా కోరుచున్నాము.