సింద్‌బాద్ కథ - మీ అభిప్రాయం

పిల్లలూ! కథ చదివి "బాగుంది" అంటే చాలదు. ఎందుకు బాగుందో చెప్పాలి. అదే అభిప్రాయం.

ఒమన్ అరేబియా సముద్రపు ఒడ్డున ఉన్న దేశం. సింద్‌బాద్ నావికుడు తమ సొహార్ పట్టణంలో పుట్టాడని అక్కడివారు చెబుతారు. అతని ఏడు సముద్రయానాల కథను ఎన్నో దేశాల పిల్లలు చదువుతారు.

"ఇది కట్టుకథ. ఏనుగును ఎత్తుకుపోయే పక్షి ఉంటుందా?" అని ఒకరు అంటారు. "పక్షి కల్పితమే. కాని ఆనాటి నావికులు నిజంగానే దూరదేశాలకు వెళ్ళేవారు" అని మరొకరు అంటారు. ఇద్దరూ కారణం చెప్పారు.

టిమ్ సెవెరిన్ అనే రచయిత దీనిని పరీక్షించాడు. ఒమన్‌లోని సూర్ పట్టణంలో పాతకాలపు ఓడను కట్టించాడు. దానికి ఇనుప మేకులు లేవు. పలకలను కొబ్బరితాళ్ళతో కుట్టారు. ఆ ఓడ 1980లో మస్కట్ నుండి బయలుదేరి, 1981లో చైనా చేరింది.

మన పెద్దలు కూడా ఓడలెక్కి సముద్రం దాటారు. "సింద్‌బాద్ అదృష్టవంతుడు. ప్రతిసారీ ఇల్లు చేరాడు. మా ఇంట మొదట ఓడెక్కిన తాత మళ్ళీ తన ఊరు చూడలేదు" అని మీలో ఒకరు అనవచ్చు. అదీ మంచి అభిప్రాయమే. ఆ మాట పుస్తకంలో లేదు. మీరు చెబితేనే తోటివారికి తెలుస్తుంది.

ప్రశ్న: మీరు చదివిన ఒక కథ చెప్పండి. అది ఎందుకు నచ్చింది? లేక ఎందుకు నచ్చలేదు?