పాత కారు హెడ్‌లైట్లు ఎందుకు మసకబారతాయి?

1962 నుంచి 1980 వరకు తయారైన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ వంటి బ్రిటిష్ కార్లలో హెడ్‌లైట్ల కరెంటు స్టీరింగ్ స్తంభానికి అమర్చిన చిన్న స్విచ్ గుండానే నేరుగా ప్రవహిస్తుంది. 12 వోల్టుల వద్ద 60 వాట్ల దీపాలు రెండు వెలిగితే అది 10 ఆంపియర్లు. స్విచ్ లోపల ఒకదానినొకటి తాకే లోహపు బిళ్లలపై, అంటే కాంటాక్టులపై, ఏళ్ల తరబడి ఆక్సైడు పొర పేరుకొని, కరెంటును అడ్డగించే గుణమైన నిరోధం పెరిగినప్పుడు, అక్కడ ఒక్క వోల్టు నష్టమైనా దాదాపు 10 వాట్లు వేడిగా మారి, దీపం మసకబారడమే కాక స్విచ్ కూడా పాడవుతుంది. బల్బును మార్చే ముందు, దీపాలు వెలుగుతుండగా స్విచ్‌కు కరెంటు వచ్చే, పోయే కొనల మధ్య వోల్టేజిని మల్టీమీటరుతో కొలవడమే సరైన పద్ధతి; అది సున్నాకు దగ్గరగా ఉంటే లోపం వేరే చోట ఉన్నట్లే. కాంటాక్టులను శుభ్రపరచడం కొంతకాలమే ఆదుకుంటుంది; స్వల్ప కరెంటుతో పనిచేస్తూ పెద్ద కరెంటును వేరే దారిన పంపే రిలే అమర్చడమే మేలు. స్విచ్ విప్పే ముందు బ్యాటరీ తీగను తప్పక తొలగించాలి.