పోదన రాజధాని, బోధన్ సరిహద్దు

పోటీ పరీక్షలకు చదివేవాళ్లకు 16 మహాజనపదాల పేర్లు నోటికి వస్తాయి. వాటిలో వింధ్యకు దక్షిణాన ఉన్నది ఒక్క అశ్మకమే. దాని రాజధాని పోదన మన బోధనేనని చాలామంది చరిత్రకారులు అంటారు. 2,500 ఏళ్ల కిందటి దక్కన్ పటంలో ముందుగా చుక్క పెట్టాల్సిన ఊరు నిజామాబాద్‌కు పాతిక కిలోమీటర్ల దూరంలోనే ఉందని ఇక్కడి బడిపిల్లలకు గట్టిగా చెప్పాలి.

ఎందుకు ఇక్కడే? నీళ్లు చూడండి. 1,465 కిలోమీటర్ల గోదావరి తెలంగాణలో అడుగుపెట్టేది కందకుర్తి దగ్గర. మంజీర వచ్చి కలిసేదీ అక్కడే. ఈ రెండు నదుల నడుమ నల్లరేగడిని ఏ రాజూ వదులుకోలేదు. వేములవాడ చాళుక్యుల పూర్వీకుడు యుద్ధమల్లుడు ఇక్కడ 500 ఏనుగులకు నూనెతో స్నానం చేయించాడట. లెక్కలో కవుల అతిశయోక్తి ఉంటే ఉండొచ్చు, కానీ ఏనుగు దళమున్న రాజుకు పోదన నివాసమైందన్నది ముఖ్యం. బోధన్‌లోని దేవల్ మసీదులో నిలబడితే పాత దేవాలయపు చెక్కడం, తుగ్లక్ కాలపు మార్పులు ఒకే కప్పు కింద కనిపిస్తాయి. నాకు తెలిసి ఈ నేల చరిత్రకు ఇంతకన్నా మంచి పటం లేదు.

కాకతీయులు, బహమనీలు వచ్చి వెళ్లారు. 1687లో గోల్కొండ పడి మొఘలుల సరిహద్దు గీత, 1724 తర్వాత ఆసఫ్ జాహీల గీత పడ్డాయి. 1876లో ఏర్పడిన ఇందూరు జిల్లా 1905లో నిజామాబాద్ అయింది.

అసలు మలుపు 1923లో మొదలైంది. మంజీర మీద నిజాంసాగర్ కట్టడం 1931కి పూర్తయింది. ఆ కాలువ నీళ్లతో చెరుకు పెరిగింది, కొన్నేళ్లకే షక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. అప్పుడు బోధన్, మంజీర అవతలి బిలోలి ఒకే హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేవి. 1956 నవంబరు 1న ఆ రాష్ట్రం మూడు ముక్కలైంది. ఒకనాటి రాజధాని సరిహద్దు ఊరైంది.

2016 అక్టోబరు 11న కామారెడ్డి విడిపోవడంతో నిజాంసాగర్ ఆనకట్ట ఆ జిల్లాలోకి వెళ్లింది, బోధన్ ఆయకట్టు నిజామాబాద్‌లోనే ఉండిపోయింది. అంతకు పది నెలల ముందే, 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. ఏ సరిహద్దూ కదలకుండానే చెరుకు పొలాల్లోకి వరి వచ్చింది. రాజ్యాల పటాల పక్కన ఈ పంటల పటాన్నీ గీసి పెట్టాలి. ఫ్యాక్టరీ తెరవాలని రైతులు అడిగేటప్పుడు చూపించడానికి అది పనికొస్తుంది.