శాస్త్రభేదము – ఆంగ్లభాషాబోధనము

ఒకే శబ్దము శాస్త్రభేదముచే భిన్నార్థబోధకమగుట సంస్కృతాధ్యేతలకు క్రొత్త విషయము గాదు. ‘గుణ’శబ్దము వ్యాకరణమున అ, ఏ, ఓ అను వర్ణములకు సంజ్ఞ, న్యాయవైశేషికములందు రూపరసాదులగు 24 ధర్మములకు పేరు, సాంఖ్యమున సత్త్వరజస్తమస్సులను, అలంకారశాస్త్రమున ఓజఃప్రసాదాదులను బోధించును. అమరకోశము కంఠస్థమైన విద్యార్థికిని శాస్త్రపాఠము వేఱుగా చెప్పవలసి వచ్చుటకు ఇదియే కారణము.

ఈ న్యాయము ఆంగ్లమునకును వర్తించును. ‘ఫంక్షన్’ గణితమున ప్రమేయము, జీవశాస్త్రమున అవయవము చేయు విధి. ‘కన్సిడరేషన్’ లోకవ్యవహారమున ఆలోచన. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టమున ప్రతిఫలము. ‘వర్క్’ అను పదమునకు అర్థము తెలియని విద్యార్థి ఉండడు. అయినను బరువు నెత్తిన పెట్టుకొని కదలక నిలిచిన కూలివాడు ఆ బరువుపై ‘వర్క్’ చేయలేదని భౌతికశాస్త్రము చెప్పినపుడు అతడు తడబడును.

వాక్యరచనయు శాస్త్రము ననుసరించి మాఱును. చట్టవాక్యము నియమములతోను, అపవాదములతోను దీర్ఘమగును. ప్రయోగశాలా నివేదికలందు కర్త అనుక్తము. ద్రవమును వేడిచేసినవాడెవ్వడో చెప్పక, ద్రవము వేడిచేయబడెనని వ్రాయుదురు. ఈ కర్మణిప్రయోగము సంస్కృతమున సహజము, తెలుగు వాడుకలో అరుదు. తెలుగున క్రియ వాక్యాంతమున నుండగా, ఆంగ్లమున కర్తృకర్మల నడుమ నిలుచును. ఇట్టి భేదములను పాఠ్యగ్రంథమునుండియే చూపినచో విద్యార్థికి బోధపడును. విడిగా వల్లించిన వ్యాకరణసూత్రములు పరీక్షానంతరము నిలువవు.

ఈ యంశమును పాశ్చాత్యులును గుర్తించిరి. బ్రిటనులో 1975లో వెలువడిన బుల్లక్ సంఘ నివేదిక, భాషాబోధనము అన్ని పాఠ్యవిషయముల బాధ్యతయని ప్రతిపాదించెను. 2000లో ఆవెరిల్ కాక్స్‌హెడ్ ప్రకటించిన పట్టికలో 570 పదకుటుంబములు గలవు. విద్యావిషయక గ్రంథములందలి పదములలో ఇవి సుమారు 10 శాతము. సర్వశాస్త్రసాధారణమైన ఈ పదములను ఆంగ్లాధ్యాపకుడు నేర్పవచ్చును. తత్తచ్ఛాస్త్రపరిభాషకు మాత్రము శాస్త్రాధ్యాపకుడే శరణ్యుడు.

“రసాయనశాస్త్రాధ్యాపకుడు భాషను బోధించుటెట్లు? పాఠము ముగియుటకే కాలము చాలదు గదా!” అని ఆక్షేపము. దీనికి సమాధానము మన వ్యాఖ్యానపద్ధతియందే కలదు. పదచ్ఛేదము, పదార్థోక్తి, విగ్రహము, వాక్యయోజనము, ఆక్షేపసమాధానము అని వ్యాఖ్యానమునకు 5 అంగములు. పాఠమునకొక ముఖ్యవాక్యమును ఈ విధమున వివరించినచో చాలును.

ఉదాహరణమునకు వక్రీభవనసూత్రమును గైకొందము. కాంతికిరణము విరళయానకమునుండి సాంద్రతరయానకమున ప్రవేశించునపుడు లంబమువైపు వంగునని దాని భావము. ఆంగ్లవాక్యమును ముందుగా పదసముదాయములుగా విడదీయవలెను. అటుపై పదార్థోక్తి: ఇచట ‘నార్మల్’ అనగా సాధారణము గాదు, లంబము. ‘డెన్సర్’ అను పదమున మన తరప్ప్రత్యయమువంటి ప్రత్యయము గలదు. దేనికంటె సాంద్రమను ఆకాంక్షకు విరళయానకము సమాధానము. వాక్యయోజనమున ‘ఇట్’ అను సర్వనామము యానకమును గాక కిరణమును పరామర్శించునని నిర్ణయింపవలెను. పిదప, కిరణము లంబము వెంబడియే ప్రవేశించినచో వంగునా యని ఆక్షేపింపవలెను. వంగదని విద్యార్థి ఒక్క ఆంగ్లవాక్యమున చెప్పగలిగెనా, భాషయు శాస్త్రమును ఒక్కమాఱే సిద్ధించినట్లు. ఇంతకు పట్టుకాలము స్వల్పము.

హైదరాబాదున 1958లో స్థాపితమైన కేంద్ర ఆంగ్లసంస్థ 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమయ్యెను. ఆంగ్లోపాధ్యాయులను తీర్చుటకు ఇట్టి సంస్థలున్నవి. అయినను భారమంతయు ఆంగ్లశాఖపైననే మోపుట తగదు. ఆంధ్రప్రదేశమున డిగ్రీతరగతులను ఆంగ్లమాధ్యమమునకు మార్చవలెనని 2021లో నిర్ణయించినప్పటినుండి ఈ విషయము మఱింత ముఖ్యమైనది. తెలుగుమాధ్యమమున చదివి వచ్చిన విద్యార్థి విషయము నెఱిగియు ఉత్తరపత్రమున మూగయగుచున్నాడు. అతడు మందబుద్ధియని తలంచుట దోషము. మార్గము చూపకుండుట అంతకంటె దోషము. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ప్రకటించిన పారిభాషికపదకోశములను ఆంగ్లగ్రంథముతో జతగా చదివించినచో, మాతృభాష అడ్డు గాక సోపానమగును.

భాష శాస్త్రమునకు ద్వారము. ద్వారమును చూపవలసినవాడు ఆ గృహము నెఱిగినవాడే.