మీకు తెలుసా? ‘తుండగా’కు సొంత కాలం లేదు

తమిళనాడులోని విరుదునగర్ జిల్లా రాజపాళయంలో తరతరాలుగా తెలుగు మాట్లాడే రాజుల కుటుంబాలున్నాయి. ఇంట తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు వినిపించే అటువంటి చోట, గతంలో ఒకేసారి జరిగిన రెండు పనులను చెప్పే తీరులో మొదటి రెండు భాషలూ ఒకవైపు, మూడవది మరొకవైపు నిలుస్తాయి. ‘మిల్లులో కదుళ్లు తిరుగుతుండగా వాన మొదలైంది’ అన్నప్పుడు ‘తిరుగుతుండగా’ అసమాపక క్రియ, అంటే వాక్యాన్ని తానుగా ముగించలేనిది. అది గతకాలాన్ని చివరి ‘మొదలైంది’ నుంచే అందుకుంటుంది. కర్త ఒక్కరే అయితే ‘పాడుతూ వడికింది’ అని ‘తూ’ చేర్చితే చాలు; దీనినే వ్యాకర్తలు శత్రర్థకం అన్నారు. తమిళుల ‘పాడిక్కొండే’ కూడా ఈ పద్ధతిదే. ఇంగ్లీషులో ‘వైల్’తో మొదలయ్యే ఉపవాక్యం సాధారణంగా తన కాలాన్ని తానే చూపుకోవాలి కనుక, సాగుతున్న పనికి ‘వర్ టర్నింగ్’, నడుమ వచ్చిన పనికి ‘స్టార్టెడ్’ వాడతారు. రెండు పనులూ సమంగా సాగితే రెండింటికీ ‘ఇంగ్’ రూపం తగినది; అయితే సాగుదలను నొక్కి చెప్పనక్కర లేనప్పుడు రెండూ సాధారణ భూతకాలంలో ఉండవచ్చు. పై కదుళ్ల వాక్యంలో ‘హ్యాడ్’ చేర్చి ‘హ్యాడ్ టర్న్‌డ్’ అనడం పొరపాటు, ఎందుకంటే అది వాన రాకముందే ముగిసిన పనిని తెలుపుతుంది.