చిల్లర నాణెంపై చిన్న నక్షత్రం

కిరాణా కొట్టులో తిరిగి ఇచ్చిన చిల్లరను జేబులో వేసుకునే ముందు ఒకసారి వెలుతురులో తిప్పి చూడండి. సంవత్సరం అంకెల కింద ఆవగింజంత నక్షత్రం కనిపిస్తే అది హైదరాబాద్ టంకశాలలో పుట్టిన నాణెం. వజ్రం గుర్తు ఉంటే ముంబయిది. చుక్క ఉంటే నోయిడాది. ఏ గుర్తూ లేకపోతే కలకత్తాది. నాణేల సేకరణలో తొలి పాఠం ఇదే. దీనికి పైసా ఖర్చు లేదు.

నిజాం కాలంలో, 1903లో సైఫాబాద్‌లో నెలకొన్న మన టంకశాల 1997లో చర్లపల్లికి తరలింది. అంటే ఆ తర్వాతి నక్షత్రం నాణేలు మేడ్చల్ జిల్లా సరుకే. బాలానగర్ నుంచి చర్లపల్లి ఎంతో దూరం లేదు. సైఫాబాద్‌లోని పాత కట్టడాన్ని 2022లో ప్రదర్శనశాలగా తెరిచారు.

బాలానగర్ షెడ్లలో పనిచేసే వారికి నాణెం తయారీ గురించి వేరే చెప్పనక్కరలేదు. రేకు నుంచి బిళ్ల కత్తిరించడం, అంచు లేపడం, పైనొక డై, కిందొక డై పెట్టి ప్రెస్సులో గట్టి దెబ్బ వేయడం, అంతే. 1968 నుంచి కేంద్ర టూల్ డిజైన్ సంస్థ ఉన్న చోట ఈ విద్య కొత్తది కాదు. బిళ్ల పక్కకు జరిగితే బొమ్మ సగమే పడుతుంది. డై చిట్లితే నాణెంపై గీత లేస్తుంది. కార్ఖానాలో ఇలాంటి సరుకును తుక్కులో వేస్తారు. సేకరించేవారు మాత్రం దాన్నే ఏరి దాచుకుంటారు.

కొత్తగా మొదలుపెట్టినవారు చేసే పని ఒకటుంది. మెరిసే నాణేలన్నీ ఒక పక్కన పెడతారు. మాసినవాటిని చింతపండుతో తోముతారు. చేతిలో పని ఉన్న కుర్రాళ్లయితే బఫింగ్ చక్రానికి పట్టిస్తారు. నాణెం తళతళలాడుతుంది గాని విలువ అక్కడితో సరి. టంకశాల ఇచ్చిన పైపొర పోయి సన్నని గీతలు మిగులుతాయి. వాటిని భూతద్దంలో ఇట్టే పట్టేస్తారు. పైగా నాణేన్ని పాడుచేయడం 2011 నాటి నాణేల చట్టం ప్రకారం నేరం కూడా. మట్టి అంటితే మంచినీళ్లలో ముంచి, మెత్తని గుడ్డతో అద్దితే చాలు.

మెరుపు మోసం మన పెద్దలకూ తెలుసు. 1968లో తామర పువ్వు బొమ్మతో ఇత్తడి రంగు ఇరవై పైసల బిళ్ల వచ్చినప్పుడు అందులో బంగారం ఉందని ఊళ్లలో గట్టిగా చెప్పుకునేవారు. అందులో బంగారం ఏమీ లేదు.

లోహం తెలియాలంటే అయస్కాంతం చాలు. రెండు రూపాయల బిళ్ల 2004 వరకు పదకొండు పలకలతో, రాగి నికెల్ మిశ్రమంతో వచ్చేది. అది అయస్కాంతానికి అతుక్కోదు. ఆ తర్వాతి స్టీలు బిళ్ల అతుక్కుంటుంది.

ఇప్పుడు అసలు జాగ్రత్త. వైష్ణోదేవి బొమ్మ ఉన్న అయిదు రూపాయల నాణేనికి లక్షలు ఇస్తామని ఫోన్లలో ప్రకటనలు వస్తున్నాయి. ముందుగా రుసుము కట్టమంటారు, కట్టాక జాడ ఉండదు. పాత నాణేల కొనుగోలు తన పని కాదని, అందుకు రుసుము గాని కమీషను గాని తాను అడగనని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో హెచ్చరించింది. ఆ నాణెం 2012లో బోలెడన్ని ముద్రించినదే. లక్షలు పలికే సరుకు కాదు. రైతు ఇంట్లో దాచుకున్న సొమ్ము ఇలా పోగొట్టుకోవడం కంటే బాధ ఏముంటుంది?

పది రూపాయల బిళ్లను దుకాణదారులు తిప్పికొట్టడం ఇంకో తంటా. గీతలు పది ఉన్నా పదిహేను ఉన్నా, పద్నాలుగు రకాలూ చెల్లుతాయని 2018లోనే బ్యాంకు తేల్చింది. అర్ధరూపాయి కూడా చెల్లుతుంది. పావలా, అంతకన్నా చిన్నవి మాత్రం 2011 జూన్ 30తో ఆగిపోయాయి. ఇంట్లో అలాంటివి ఉంటే పారేయకుండా ఒక డబ్బాలో వేయండి. 1957 నాటి కంచు నయా పైసా దొరికితే, దానిపై రూపాయిలో నూరో భాగం అని హిందీలో రాసి ఉంటుంది. పిల్లలకు చూపించవచ్చు.

మొదలుపెట్టదలచిన వారు ఒకే సంవత్సరం రూపాయి బిళ్లను నాలుగు టంకశాలల గుర్తులతో వెతకవచ్చు. దొరికితే మొత్తం ఖర్చు నాలుగు రూపాయలు. అన్ని సంవత్సరాలకూ నాలుగూ దొరకవు, అందుకే వెతుకులాట ఏళ్లు సాగుతుంది.